దర్శనీ హుండీ నుంచి విమానం పాయింట్ల దాకా: ఒకరు రాసిన చీటీ, ఇంకొకరు ఇవ్వని సీటు

ఇవాళ కూడా హిస్టరీ ఎపిసోడే. కానీ ఇందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మీ ఫోన్‌లో ఏదో ఒక యాప్ తెరిస్తే మూలన కనపడే ఒక నంబర్ గురించి ఇది. రివార్డ్ పాయింట్లు, అందులోనూ విమానాల పాయింట్లు. ఒక కంపెనీ దగ్గర కూడబెట్టిన పాయింట్లని దాని పార్ట్‌నర్ కంపెనీ విమానంలో వాడబోతే మనకి చుక్కలు ఎందుకు కనపడతాయి? ఈ ప్రశ్నకి జవాబు నాకు కస్టమర్ కేర్‌లో దొరకలేదు, చరిత్రలో దొరికింది.

ముందు నా కథ చెప్తా. మాది చంద్రశేఖరపురం. మేమందరం సీఎస్ పురం అంటాం. భైరవకోన గుహలు చూడ్డానికి వచ్చినవాళ్ళకి మా మండలం తెలిసే ఉంటుంది. మా ఊళ్ళో విమానం అంటే ఆకాశంలో తెల్లటి గీత. ఎక్కాలంటే రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ చేరాలి. కానీ ఇప్పుడు వీధికి ఒక ఇంట్లో అయినా అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఎవరో ఒకరు ఉంటారు. మా ఇంట్లో అక్క ఉంది, డాలస్‌లో.

అక్కకి డెలివరీ టైం దగ్గర పడింది. అమ్మ వెళ్ళాలి. అమ్మకి అదే మొదటి విమానం. నేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. మూడేళ్ళ పాటు కరెంటు బిల్లు దగ్గర్నుంచి ఫ్రెండ్స్ బిర్యానీ దాకా అన్నీ ఒకే క్రెడిట్ కార్డు మీద గీకి పాయింట్లు పోగేశా. "అమ్మా, నీ టికెట్ ఫ్రీ" అని గొప్పగా చెప్పా. నాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీద్దామంటే వద్దన్నా.

ఒక ఎయిర్‌లైన్ సైట్‌లో వెతికితే వాళ్ళ పార్ట్‌నర్ విమానంలో సీటు కనపడింది. ఒక్క స్టాప్, మంచి టైమింగ్. కార్డులో ఉన్న పాయింట్లన్నీ ఆ ఎయిర్‌లైన్‌కి ట్రాన్స్‌ఫర్ చేశా. ఒకసారి పంపిస్తే వెనక్కి రావు. అవి అక్కడికి చేరడానికి రెండు రోజులు పట్టింది. చేరాక బుక్ బటన్ నొక్కితే, "మీరు ఎంచుకున్న విమానం ఇప్పుడు అందుబాటులో లేదు" అని వచ్చింది. మళ్ళీ వెతికితే అదే సీటు అక్కడే కనపడుతోంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే మెసేజ్. పాయింట్లు ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే "సీటు వదలాల్సింది వాళ్ళు సార్" అన్నారు. విమానం నడిపే కంపెనీకి చేస్తే "మీ పాయింట్లు మా దగ్గరివి కావు సార్" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరు చెప్పిందీ నిజమే. మధ్యలో అమ్మ సూట్‌కేస్ సర్దుకుని కూర్చుని ఉంది.

ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని మూడు వారాలు చూశా. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచి వెతికా. ఆలోపు మామూలు టికెట్ ధర పెరిగిపోయింది. చివరికి నాయన డిపాజిట్ తీశాడు. అమ్మ డాలస్ చేరేసరికి పాపకి పదకొండు రోజులు. అక్క ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బయల్దేరే ముందు రోజు అమ్మ అడిగింది: "అబ్బయ్యా, చీటీ రాసిచ్చినోడు ఒకడు, డబ్బులియ్యాల్సినోడు ఇంకొకడు అయితే, ఇయ్యకపోతే ఎవర్ని అడగాల?" అదీ ప్రశ్న. మనవాళ్ళు ఈ ప్రశ్నకి కొన్ని వందల ఏళ్ళ కిందే జవాబు రాసి పెట్టారు. దాని పేరు హుండీ.

హుండీ అనగానే మీకు తిరుమల గుర్తొస్తుంది. ఇది అది కాదు. వర్తకుల హుండీ. మచిలీపట్నం రేవు వెలిగిన రోజుల్లో ఒక వర్తకుడు గోల్కొండ వైపు వెళ్ళి సరుకు కొనాలనుకోండి. వెండి నాణేల మూటలు బండిలో వేసుకుని పోతే దారిలో దొంగలు. అందుకని ఇక్కడి సాహుకారు దగ్గర డబ్బు కట్టేవాడు. ఆయన ఒక కాగితం రాసిచ్చేవాడు, ఫలానా ఊళ్ళో ఉన్న నా భాగస్వామి ఈ కాగితం తెచ్చినవాళ్ళకి ఇంత సొమ్ము ఇవ్వాలి అని. చూపించగానే చెల్లించాల్సింది దర్శనీ హుండీ. దర్శనం అన్నమాటే. గడువు తర్వాత చెల్లించాల్సింది ముద్దతీ హుండీ. తర్వాతి కాలంలో హైదరాబాద్ బేగంబజార్ సాహుకార్లు నడిపిన వ్యాపారంలోనూ ఇది పెద్ద భాగం.

గమనించారా? రాసినవాడు ఒకడు, చెల్లించేవాడు ఇంకొకడు, చేత్తో పట్టుకుని తిరిగేవాడు మూడోవాడు. అచ్చం పార్ట్‌నర్ విమానం లాంటిదే. కానీ హుండీలో మూడు విషయాలు ముందే తేలిపోయేవి. ఎంత సొమ్మో కాగితం మీద ఉండేది. ఎప్పుడు ఇవ్వాలో ఉండేది. అవతలివాడు ఇవ్వనంటే రాసినవాడు బాధ్యుడు, వాడి పరువు బజార్లో పోయేది. పరువు పోతే మళ్ళీ వాడి కాగితం ఎవడూ ముట్టుకోడు. ఈ పద్ధతి ఎంత గట్టిదంటే, 1881లో బ్రిటిష్‌వాళ్ళు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం తెచ్చినప్పుడు కూడా దేశ భాషల్లో రాసే పత్రాల స్థానిక ఆచారాల జోలికి పోకుండా మినహాయింపు ఇచ్చారు. ఇవాళ మన చెక్ బౌన్స్ కేసులు నడిచేది కూడా ఆ చట్టం కిందే.

ఈ మూడు విషయాలూ గుర్తుపెట్టుకోండి: ఎంత, ఎప్పుడు, ఎవరు బాధ్యులు. ఇప్పుడు అమెరికా వెళ్దాం. టికెట్ అక్కర్లేదు.

1978 దాకా అమెరికాలో విమాన ఛార్జీలు ప్రభుత్వం చెప్పినట్టే ఉండేవి. ఆ ఏడాది అక్టోబర్‌లో డీరెగ్యులేషన్ చట్టం వచ్చింది. ఎవరిష్టం వచ్చిన ధర వాళ్ళు పెట్టుకోవచ్చు. ప్యాసింజర్లు ఎవరు చౌకగా ఇస్తే వాళ్ళ దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. వాళ్ళని కట్టిపడేయడం ఎలా? 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు మీ ఖాతాలో, అవి నిండితే ఫ్రీ టికెట్. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తనది ప్రకటించింది. నాలాంటి కోడింగ్ బ్యాచ్‌కి ఇందులో నచ్చే సంగతి ఒకటుంది. అమెరికన్ దగ్గర అప్పటికే సేబర్ అనే కంప్యూటర్ బుకింగ్ సిస్టమ్ ఉంది. తరచుగా ప్రయాణించేది ఎవరో అందులోని రికార్డుల నుంచి ఏరి, ముందు వాళ్ళనే చేర్చుకున్నారు. అంటే ఈ ఆట డేటాతోనే పుట్టింది.

ఇక్కడిదాకా లెక్క సూటిగానే ఉంది. పాయింటు ఇచ్చేదీ సీటు ఇచ్చేదీ ఒకే కంపెనీ. ఖాళీగా పోయే సీటు తన కస్టమర్‌కి ఇస్తే పోయేదేముంది? భోజనం, కొంచెం ఇంధనం.

తర్వాత రెండు మలుపులు వచ్చాయి. మొదటిది 1987. సిటీ బ్యాంకుతో కలిసి ఆడ్వాంటేజ్ క్రెడిట్ కార్డు వచ్చింది. ఇక పాయింట్ల కోసం విమానం ఎక్కనక్కర్లేదు. కూరగాయలు కొన్నా పాయింట్లే. బ్యాంకు ఎయిర్‌లైన్ దగ్గర పాయింట్లు డబ్బు పెట్టి కొంటుంది, మనకి పంచుతుంది. అంటే పాయింటు బహుమతి స్థాయి దాటి అమ్మే సరుకైంది. ఆ సరుకు ఎంత పెద్దదో 2020లో కరోనా టైంలో బయటపడింది. విమానాలు నేల మీద ఉండగా యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ ప్రోగ్రామ్‌ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా తన స్కైమైల్స్‌ని తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. విమానాల ఆదాయం ఆగిపోయిన టైంలో కూడా పాయింట్ల మీద అప్పు పుట్టింది!

రెండో మలుపు 1997 మే 14. యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా, థాయ్, ఎస్ఏఎస్ అనే అయిదు కంపెనీలు కలిసి స్టార్ అలయన్స్ పెట్టాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వచ్చాయి. మాట బాగుంది: ఒకరి దగ్గర సంపాదించు, అందరి దగ్గరా ఖర్చుపెట్టు. హైదరాబాద్ నుంచి వెళ్ళే మనకి ఇది పనికొచ్చే జాబితా. లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా స్టార్‌లో ఉన్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఎమిరేట్స్, ఎతిహాద్ మూడింట్లో ఎందులోనూ లేవు, విడివిడిగా పార్ట్‌నర్లని పెట్టుకున్నాయి.

సరే, ఇప్పుడు అసలు మెకానిజం. మీరు ఒక కంపెనీ పాయింట్లతో ఇంకో కంపెనీ విమానంలో టికెట్ తీసుకుంటే, మొదటి కంపెనీ రెండో కంపెనీకి డబ్బు కట్టాలి. ఎంత కట్టాలో వాళ్ళ మధ్య ఒప్పందంలో ఉంటుంది. సాధారణంగా అది టికెట్ అమ్మకం ధరకన్నా బాగా తక్కువ. అందుకని విమానం నడిపేవాడు ఏం చేస్తాడు? డబ్బుకి అమ్ముడుపోతుందనుకున్న సీటు పార్ట్‌నర్‌కి ఇవ్వడు. ఒకే ఎకానమీ క్యాబిన్‌ని లోపల రకరకాల అక్షరాలతో డబ్బాలుగా విడగొడతారు. అవార్డు సీట్లకి వేరే డబ్బా. తన సొంత సభ్యులకి ఒక లెక్క, పార్ట్‌నర్ల సభ్యులకి ఇంకో లెక్క. పెళ్ళి విందులో మొదటి బంతి ఇంటివాళ్ళకి, చివరి బంతి మనకి అన్నట్టు. సంక్రాంతికి, వేసవి సెలవులకి, ఆగస్టులో స్టూడెంట్స్ అమెరికా వెళ్ళే టైంకి మన బంతికి విస్తళ్ళు ఉండవు. ఎందుకంటే అవే రోజుల్లో డబ్బు పెట్టి కొనేవాళ్ళు క్యూలో ఉంటారు.

మరి నాకు కనపడి మాయమైన సీటు సంగతి? దాన్ని ఈ లోకంలో ఫాంటమ్ సీటు అంటారు, దెయ్యం సీటు. పార్ట్‌నర్ సిస్టమ్ నుంచి తెచ్చుకున్న జవాబుని ఈ సైట్ కొంతసేపు దాచుకుని చూపిస్తుంది. అంటే క్యాష్. అసలు సీటు అవతల ఎప్పుడో పోయి ఉంటుంది. బుక్ నొక్కినప్పుడే నిజమైన ప్రశ్న అవతలి సర్వర్‌కి వెళ్తుంది. నేను రోజూ ఆఫీసులో రాసే కోడే ఇది. పాత డేటా చూపిస్తే యూజర్‌కి ఏమవుతుందో అమ్మ టికెట్ దగ్గర తెలిసొచ్చింది.

ఒకవేళ సీటు దొరికినా ఇంకో మెలిక ఉంది. ఫ్రీ టికెట్ అన్నదాని మీద పన్నులు ఉంటాయి, అవి న్యాయమే. దాంతోపాటు కొన్ని కంపెనీలు ఇంధనం పేరుతో సర్‌ఛార్జ్ కూడా వేస్తాయి. అది వేలల్లో ఉండొచ్చు. ఇక విమానం టైం మారితే టికెట్ రాసింది ఒకరు, విమానం నడిపేది ఇంకొకరు కాబట్టి మళ్ళీ అదే బంతాట.

ఇప్పుడు హుండీ మూడు ప్రశ్నలు పాయింట్లకి వేద్దాం. ఎంత? 1981 పద్ధతిలో ఇన్ని మైళ్ళకి ఈ టికెట్ అని అచ్చేసిన పట్టిక ఉండేది. డెల్టా 2015లో ఆ పట్టిక తీసేసింది. యునైటెడ్ 2019లో తీసేసింది. ఇప్పుడు ఆ రోజు ఎంత చూపిస్తే అంత. ఎప్పుడు? ఖాళీ ఉన్నప్పుడు. ఖాళీ అంటే ఏంటో వాళ్ళే చెప్తారు. ఎవరు బాధ్యులు? నిబంధనల్లో ఎవరూ లేరు. సీటు లేదు అనడం అక్కడ మాట తప్పినట్టు కాదు. మొదటి నుంచీ రాసుకున్న షరతే.

మన దేశంలో దీని చరిత్ర ఇంకా గమ్మత్తు. ఎయిర్ ఇండియాని 2007 డిసెంబర్‌లోనే స్టార్ అలయన్స్ పిలిచింది. 2011లో చేరిక ప్రక్రియ ఆపేశారు. చివరికి 2014 జులై 11న చేరింది. పిలుపుకీ పీటకీ మధ్య ఆరేళ్ళకి పైనే. కింగ్‌ఫిషర్ 2012 ఫిబ్రవరిలో వన్‌వరల్డ్‌లో చేరాల్సింది. సరిగ్గా కొద్ది రోజుల ముందు వాయిదా పడింది. అదే ఏడాది అక్టోబర్‌కి విమానాలే ఆగిపోయాయి. పార్ట్‌నర్ విమానాల్లో వాడుకుందాం అని పాయింట్లు దాచుకున్నవాళ్ళకి పార్ట్‌నర్లూ రాలేదు, విమానమూ మిగల్లేదు.

జెట్ ఎయిర్‌వేస్ కథ వేరు. 1993 మేలో ఎగిరి, 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. కానీ దాని జెట్‌ప్రివిలేజ్ ప్రోగ్రామ్ అప్పటికే విడి కంపెనీ. అందులో 50.1 శాతం 2014లోనే ఎతిహాద్ కొనేసింది. అందుకే విమానాలు పోయినా పాయింట్లు బతికాయి. అదే ఏడాది నవంబర్‌లో ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకున్నాయి. విమానం లేని విమానం పాయింట్లు! పోస్టాఫీసు మూతపడినా స్టాంపులు మిగిలినట్టు. తర్వాత విస్తారా. 2015 జనవరిలో మొదలై 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. దాని సభ్యుల పాయింట్లు మహారాజా క్లబ్‌లోకి మారాయి. ఇక్కడ పాయింట్లు పోలేదు. కానీ ఏ నిబంధనలు చూసి దాచుకున్నారో ఆ నిబంధనలు మారాయి. పాయింట్ల సంఖ్య అలాగే ఉంటుంది, దాని వెనక ఉన్న మాట మారుతుంది. ఈ చరిత్ర మొత్తం నాకు నేర్పింది ఇదే.

ఈ సంగతులన్నీ ఇంట్లో చెప్తుంటే నాయన నవ్వాడు. "మా పొగాకు కథే కదరా ఇది" అన్నాడు. కనిగిరి, పొదిలి వైపు పొగాకు వేసిన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. తాత కాలంలో కొనేవాడు బేలు చూసి ఏ గ్రేడంటే అదే గ్రేడు, ఏ ధర అంటే అదే ధర. సరుకు నీదే, ఖరీదు కట్టేది మాత్రం వాడు. 1976 జనవరిలో గుంటూరు కేంద్రంగా టొబాకో బోర్డు వచ్చింది. 1980ల మధ్యలో మన దగ్గర వేలం కేంద్రాలు మొదలయ్యాయి. ధరల గొడవలు ఇప్పటికీ ఉన్నాయి, కాదనను. కానీ ఇప్పుడు బేలు అందరి ముందూ ఉంటుంది, పక్కన మూడో మనిషి ఉంటాడు. నాయన అన్నది ఒక్కటే: "కొలతా వాడిదే, ధరా వాడిదే అయితే, అది మన సొమ్ము అనుకోగూడదు."

పాయింట్లకి ఆ మూడో మనిషి ఇంకా గట్టిగా రాలేదు. 2024 సెప్టెంబర్‌లో అమెరికా రవాణా శాఖ అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్ అనే నాలుగు కంపెనీలని వాటి రివార్డ్ ప్రోగ్రామ్‌ల మీద వివరాలు అడిగింది. విలువ ఎలా తగ్గిస్తున్నారు, దాచిన ధరలు ఉన్నాయా అని. 1981లో మొదలైన ఆటలో ఇలాంటి ప్రశ్న వేయడానికి నలభై ఏళ్ళు దాటింది.

అయితే పాయింట్లు వద్దా? నేను అలా అనట్లేదు. నేను ఇప్పటికీ వాడుతున్నా. కానీ నా దెబ్బ నుంచి మీకు నాలుగు మాటలు. ఒకటి, పార్ట్‌నర్ సీటు నిజమో కాదో తేల్చుకోకుండా కార్డు పాయింట్లు ట్రాన్స్‌ఫర్ చేయొద్దు. అదే విమానం ఇంకో పార్ట్‌నర్ సైట్‌లో కూడా కనపడుతోందా చూడండి, ఫోన్ చేసి అడగండి. రెండు, దాచుకోవద్దు. బ్యాంకులో డబ్బుకి వడ్డీ వస్తుంది, పాయింటుకి రాదు, తరుగే. మూడు, సర్‌ఛార్జ్ కలిపి లెక్క వేయండి. నాలుగోది ముఖ్యం. తేదీ మార్చుకోగలిగే ప్రయాణానికే పాయింట్లు నమ్ముకోండి. గోవా ట్రిప్ వారం వాయిదా పడితే ఏమీ కాదు. పురిటికి, చావుకి, వీసా ఇంటర్వ్యూకి, కాలేజీ మొదటి రోజుకి మాత్రం డబ్బు పెట్టి టికెట్ కొనేయండి.

నేను ఆ మూడు వారాలు అమ్మ కోసమే వెతికా అనుకున్నా. నిజం చెప్పాలంటే, మొదటి వారం తర్వాత నేను గెలవడం కోసం వెతికా. అన్ని పాయింట్లు పోగేసినవాణ్ణి, డబ్బు కట్టి కొంటే ఓడిపోయినట్టు కదా అని. కంపెనీల తప్పు కంపెనీలది. అది మాత్రం నా తప్పు.

ఆ పాయింట్లు ఏమయ్యాయి అంటారా? ఏడాది తర్వాత వాటి గడువు దగ్గరపడింది. ఆదరాబాదరాగా వెతికితే ఒక సీటు దొరికింది, బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి. డాలస్‌కి దాచినవి గంట ప్రయాణానికి ఖర్చయ్యాయి. దిగి, రాత్రి బస్సెక్కి సీఎస్ పురం పోయా. పొద్దున్నే వీడియో కాల్‌లో పాప అమ్మని గుర్తుపట్టి నవ్వుతోంది. అమ్మ ఫోన్ నా వైపు తిప్పి, "ఆ చీటీ చెల్లిందా అబ్బయ్యా?" అంది.

చెల్లిందమ్మా అన్నా. ఎంతకి చెల్లిందో చెప్పలేదు.

మీ దగ్గర కూడా ఇలాంటి చెల్లని చీటీ కథ ఉంటే రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.